ఇసుకలో గ్రూప్ డ్రైవ్‌కి టైర్లలో గాలి తీసే, కొట్టే సామాన్లు ఏవి కొనాలి

దుబాయ్ నుంచి లివా ఎడారి ఇసుకలోకి వెళ్లే మనవాళ్లకి చెప్తున్నా, టైర్లు ఇసుకలో కూరుకుపోకుండా, రోడ్డు మీద 35 ఉన్న గాలిని అక్కడ 15 పీఎస్ఐ దాకా దించాలి, పుల్లతో వాల్వ్ నొక్కుతూ కూర్చుంటే మీకోసం మిగతా బండ్లన్నీ ఎండలో ఆగాలి. వాల్వ్ పిన్ విప్పి గాలి వదిలే డిఫ్లేటర్ తీసుకోండి, పిన్ దాని లోపలే ఉండిపోతుంది, ఇసుకలో పడదు, గాలి ఎంతుందో చూపించే గేజ్ కూడా దానికే ఉంటుంది.

తిరిగి రోడ్డెక్కే ముందు గాలి కొట్టే కంప్రెసర్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. సిగరెట్ లైటర్‌కి పెట్టే చిన్నవి పెద్ద టైర్లకి చాలవు, రెండో టైరుకే చెయ్యి పెట్టలేనంత కాలిపోతాయి. బ్యాటరీకి క్లిప్పులు తగిలించేది కొనండి, ఇంజన్ ఆన్‌లో ఉంచే గాలి కొట్టండి. పైపు వెనక టైరు దాకా అందుతుందో లేదో ముందే కొలుచుకోండి, చాలామంది ఇదే మర్చిపోతారు. పది బండ్లు వెళ్తుంటే కనీసం మూడు కంప్రెసర్లు ఉండాలి, గేజ్ మాత్రం అందరికీ ఒక్కటే వాడండి, లేకపోతే నంబర్లు కలవవు.