కుక్కతో నడుస్తూ మీ ఆరోగ్యం బాగుచేసుకోవడం ఎలా?

ఇంట్లో కుక్క ఉన్నంత మాత్రాన బీపీ తగ్గదు. దానితో రోజూ ఏం చేస్తున్నారన్నదే లెక్క. కుక్కల పెంపకం గుండెకు మేలు చేసే అవకాశం ఉందని 2013లో చెప్పిన అమెరికన్ హార్ట్ అసోసియేషన్, కేవలం ఆ లాభం కోసమే కుక్కను తెచ్చుకోవద్దని కూడా చెప్పింది. పెంచే ఓపిక, ప్రేమ ఉన్నవారికే ఈ పద్ధతి.

1. ముందు ఇద్దరూ పరీక్ష చేయించుకోండి
గుండెజబ్బు, మోకాళ్ల నొప్పి ఉంటే డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి. కుక్కకు రేబిస్ టీకా, నులిపురుగుల మందు పశువైద్యుడు చెప్పిన గడువుకు పడాలి. ఏడాది నిండని పిల్లకు కీళ్లు ఇంకా గట్టిపడవు, దాన్ని ఏకబిగిన అరగంట నడిపించకండి. పగ్ లాంటి చప్పిడి మూతి జాతులు త్వరగా వేడెక్కి ఆయాసపడతాయి, వాటికీ చిన్న నడకలే మేలు.

2. పట్టీ సరిచూసుకోండి
4 నుంచి 6 అడుగుల పట్టీ చాలు. సాగే రకం వద్దు: కుక్క పరుగందుకుంటే తాడు అయిపోయేసరికి దాని వేగమంతా మీ భుజం మీద పడుతుంది. పట్టీని వేళ్లకు చుట్టుకుంటే వేళ్లు విరగొచ్చు. బాగా లాగే కుక్కకు ఛాతీ దగ్గర కొక్కెం ఉండే హార్నెస్ (మెడకు బదులు ఒంటికి తొడిగే బెల్టు) వేయండి.

3. అరగంటను మూడుగా విడగొట్టండి
చాలామంది ఇక్కడే నష్టపోతారు. కుక్క అడుగడుక్కీ ఆగి వాసన చూస్తుంటే మీ గుండె వేగం పెరగదు. అలాగని పూర్తిగా ఆపేస్తే దానికి నడకలో సరదా ఉండదు. అందుకే మొదటి 5 నిమిషాలు దాని ఇష్టం. తర్వాత 20 నిమిషాలు ఆగకుండా చురుగ్గా నడవాలి. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగం. చివరి 5 నిమిషాలు నెమ్మదిగా, మళ్లీ దాని ఇష్టం. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చురుకు నడకనే లెక్కేస్తే ఏడు రోజులకు 140 అవుతుంది, ఒకరోజు మరో పది నిమిషాలు కలపండి. అలవాటు లేనివారు 10 నిమిషాల చురుకు నడకతో మొదలుపెట్టి వారానికి కొంత పెంచుకోవచ్చు.

ఎండలో వద్దు. చేతి వెనుక భాగాన్ని నేలకు ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలు కాలతాయి. తిన్న వెంటనే కూడా నడిపించకండి.

4. వచ్చాక పక్కన కూర్చోండి
పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి నెమ్మదిగా నిమరండి. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గడానికి ఇది తోడ్పడుతుంది. అది తల తిప్పుకున్నా, లేచి వెళ్లినా బలవంతం చేయకండి. అదే సమయంలో చెవుల వెనుక, కాలివేళ్ల మధ్య పిడుదులున్నాయేమో తడిమి చూడండి.

5. జబ్బులు రాకుండా చూసుకోండి
మలం ఎత్తాక, తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. తుమ్ములు, ఉబ్బసం ఉన్నవారి పడకగదిలోకి కుక్కను రానివ్వకండి. అలర్జీకి మూలం చుండ్రు, లాలాజలం కాబట్టి బొచ్చు కత్తిరించినా తగ్గదు. కరిచినా, గోళ్లతో రక్కినా ఆ గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, టీకా కోసం అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. గాయం చిన్నదని, కుక్క మనదేనని ఆగకండి.