వానలకు ముందు పడిపోయిన కంచె: చెయ్యి పెట్టేముందు చూసుకోవాల్సినవి

మన చిత్తూరు, తిరుపతి వైపు జూన్ నుంచి పడే వానలూ ఉన్నాయి గానీ, గోడలనూ కంచెలనూ పడగొట్టేవి మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే వానలే. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజులు వదలదు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్ళు ఎలా పారాయో, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళవాళ్ళు ఎంత టెన్షన్ పడ్డారో చూసినవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఇప్పటికే మీకూ పక్కవాళ్ళకూ మధ్య కంచె ఒరిగి ఉన్నా, ప్రహరీ సగం కూలి ఉన్నా, వినాయక చవితి అయిపోయిన వెంటనే దాని సంగతి చూసుకోండి. దీపావళి నాటికి నేల నాని ఉంటుంది, మనుషులు దొరకరు.

అయితే చూసుకోవడమంటే ఒక్కరే పోయి నిలబెట్టేయడం కాదు. కంచె విరిగినందుకు వచ్చిన గొడవలకంటే, విరిగినదాన్ని ఒకడు పొద్దున్నే లేచి తనకు తోచినచోట పాతినందుకు వచ్చిన గొడవలే ఎక్కువ. మీరు నిజంగా పాతచోటే పాతి ఉండొచ్చు. కానీ చూడని పక్కవాడికి అది ఒకడుగు తనవైపు జరిగినట్టే కనిపిస్తుంది, ఆ అడుగు పంచాయితీ దాటి స్టేషన్ దాకా పోతుంది.

కాబట్టి మొదట ఫోన్ తీసి పడింది పడినట్టే ఫోటోలు తీయండి, ఒక వీడియో కూడా. ముఖ్యంగా రాతి కూసాలు, అంటే కంచె స్తంభాలు, విరిగినచోట నేలలో మిగిలిన మొదళ్ళను పీకొద్దు. కూసం మొత్తం ఊడి వచ్చేసి ఉంటే ఆ గుంతను చూడండి: లోపల దిమ్మిస కొట్టిన కంకర, చుట్టూ ఉన్న ఎర్రమట్టికీ గుంతలో పోసిన మట్టికీ రంగులో తేడా, పక్కనే తీగ తుప్పు కారిన మరక. పాత హద్దు ఎక్కడుందో చెప్పే సాక్ష్యం అదే. ఒక్క పెద్ద వాన పడితే గుంత పూడిపోయి అంతా ఒకే నేల అయిపోతుంది, ఆ తర్వాత ఎవడి నోరు పెద్దదైతే వాడిదే హద్దు. గుంతలో ఒక కర్ర పాతి, అక్కడినుంచి బావి గట్టుకు ఎంత, కరెంటు స్తంభానికి ఎంత అని టేపుతో కొలిచి రాసి పెట్టుకోండి. ఒక్కచోట నుంచి కొలిస్తే పాయింటు తేలదు, కనీసం కదలని రెండు గుర్తుల నుంచి కొలవాలి. చెట్టును గుర్తుగా పెట్టుకోవద్దు, రేపు అదీ పడొచ్చు.

తర్వాత పక్కవాళ్ళతో మాట. సాయంత్రం పూట, ముఖ్యంగా ఆయన రెండు పెగ్గులు వేసుకునే మనిషైతే, పోవద్దు. పొద్దున పొలం దగ్గరికి వచ్చినప్పుడు, "అన్నా, మొన్నటి గాలికి మన మధ్యలో కంచె పడిపోయింది, నేనేం కదిలించలేదు, ఒకసారి వచ్చి చూస్తావా" అంటే చాలు. ఎవరి గొడ్లు తోసినాయి, ఎవరి ట్రాక్టరు తగిలింది అనేది మొదటి రోజే ఎత్తితే ఇంక కంచె సంగతి ముందుకు పోదు. ఇంకో విషయం, మన పక్క చాలామంది భూములు కౌలుకిచ్చి బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు. కౌలుదారు "సరేలే సామీ, వేసుకో" అన్నంత మాత్రాన యజమాని ఒప్పుకున్నట్టు కాదు. ఆ యజమానికే వీడియో కాల్ చేసి చూపించి, వాట్సాప్‌లో ఒక ముక్క రాయించుకోండి.

హద్దు మీద ఇద్దరికీ అనుమానం లేకపోతే సర్వే సంగతి వదిలేయొచ్చు. అనుమానం ఉంటే మాత్రం ఊళ్ళో పెద్దమనిషి అడుగులతో కొలిచినదాన్ని నమ్ముకోవద్దు. మీసేవలోనో సచివాలయంలోనో ఎఫ్‌-లైన్ (పొలం హద్దు కొలత) కోసం అర్జీ పెడితే సర్వేయరు వచ్చి ఎఫ్‌ఎంబీ (సర్వే వాళ్ళ పొలం కొలతల పుస్తకం) ప్రకారం హద్దులు చూపిస్తాడు. ఆయన వచ్చే ముందు చుట్టుపక్కల రైతులకు నోటీసు వెళ్ళాలి. నోటీసు లేకుండా మీ ఒక్కరి ఎదుట కొలిచిపోతే ఆ కొలత పక్కవాడి ముందు నిలబడదు, ఆ రోజు మీకు ఎంత సౌకర్యంగా అనిపించినా సరే. రీ-సర్వే అయిన ఊరైతే కొత్త రాళ్ళు, కొత్త ఎల్‌పీ నంబర్లు (ఒక్కో భూమి ముక్కకు ఇచ్చే నంబర్లు) వచ్చి ఉంటాయి, పాత సర్వే నంబరు పట్టుకొని వాదించకుండా ఆ మ్యాపు తెప్పించుకోండి. సర్వే రాయిని మాత్రం ఎవ్వరూ, ఏ కారణానికీ కదిలించకూడదు. ఒరిగి ఉన్నా అంతే, సర్వేయరుకు చెప్పాలి గానీ మనం నిలబెట్టకూడదు. తిరుపతి టౌన్లో ప్లాటైతే తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ ఉన్న లేఅవుట్ ప్లానూ, ఇద్దరి రిజిస్ట్రేషన్ కాగితాల్లో రాసిన నాలుగు దిక్కుల కొలతలూ పక్కపక్కన పెట్టి చూస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

ఇంక పని దగ్గరికొద్దాం. ముళ్ళతీగ కంచె సగం పడి, సగం నిలబడి ఉన్నప్పుడు ఆ తీగ బిగి ఇంకా పోయి ఉండదు. అది తెలియక మధ్యలో కటింగ్ ప్లయర్ పెడితే తెగిన కొస పాములా వెనక్కి లేచి మొహానికి కొడుతుంది. కళ్ళు పోయేంత దెబ్బ అది. ముందు కూసానికి కట్టిన కట్టుతీగలు ఒక్కొక్కటే వదులు చేసి, తీగ నేలకు జారాక, కూసానికి దగ్గరగా కోయండి. ఒకరు కోస్తుంటే ఇంకొకరు రెండోవైపు తీగను బూటుకాలితో తొక్కి పట్టాలి. తోలు గ్లవ్స్, కళ్ళద్దాలు వేసుకోండి, చెప్పులతో దిగొద్దు. తుప్పు తీగ గీరుకుంటే సబ్బునీళ్ళతో బాగా కడిగి ఆ రోజే టీటీ వేయించుకోండి. చిన్న గాటేలే అని వదిలేసేవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు.

పడిన కూసాల కిందా, కూలిన గోడ రాళ్ళలోనూ, కంచెకు అల్లుకున్న తీగల్లోనూ రక్తపింజరి, కట్లపాము, తేళ్ళు చేరతాయి. చేత్తో రాయి ఎత్తేముందు గడ్డపారతో దాన్ని మీవైపు కాకుండా అవతలికి దొర్లించండి. పాము కరిస్తే తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, మంత్రం వేసే మనిషి కోసం వెతకడం ఏదీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి 108కి ఫోన్ చేయండి, తిరుపతికి దగ్గరుంటే నేరుగా రుయా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కరెంటు దగ్గర. వాన గాలికి సర్వీసు వైరు తెగి ముళ్ళతీగ మీద పడిందంటే, ఆ కంచె ఎంత పొడవుందో అంత పొడవునా కరెంటు పారొచ్చు. వైరు మీ చేను చివర పడి ఉంటుంది, షాక్ కొట్టేది ఇంకో చివర పక్కవాళ్ళ పిల్లోడికి. అందుకే వానల ముందే కంచె వెంబడి ఒకసారి నడిచి మోటారుకు పోయే వైరు ఎక్కడన్నా కంచెను తాకుతోందా, కూసానికే కట్టి ఉందా, అతుకులు టేపు ఊడి వేలాడుతున్నాయా చూడండి. ఉంటే లైన్‌మన్‌ను పిలవండి, పలక్కపోతే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి. తడి కంచెను చేత్తో పట్టుకొని లాగేముందు మోటారు ఫ్యూజు పీకడం అలవాటు చేసుకోండి.

ఇదే వరసలో ఇంకో మాట, కటువుగానే చెప్తాను. చెనక్కాయ చేలో అడవిపందులు పడుతున్నాయనో, పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు వస్తున్నాయనో విరిగిన కంచెకు రాత్రిపూట నేరుగా కరెంటు వదలడం ఎవరు చేసినా తప్పే, నలుగురూ చేస్తున్నారని అది ఒప్పైపోదు. ఏనుగు చనిపోతే 1972 వన్యప్రాణి చట్టం కింద తక్కువలో తక్కువ మూడేళ్ళ జైలు. మనిషి చనిపోతే ఆ కేసు ఇంకా పెద్దది. చనిపోయేది చాలాసార్లు టార్చిలైటు పట్టుకొని నీళ్ళు కట్టడానికి వచ్చిన పక్క చేను రైతే. బ్యాటరీతో నడిచే సోలార్ ఫెన్సింగ్ వేరు, అది సెకనుకోసారి చిన్న షాక్ ఇచ్చి వదిలేస్తుంది, ప్రాణం తీయదు. అది కావాలంటే కొనుక్కోండి, కానీ దాన్ని కూడా మెయిన్ లైనుకు కలపొద్దు, పక్కవాళ్ళకు చెప్పి బోర్డు పెట్టి వేయండి. ఏనుగులు కనిపిస్తే టపాకాయలు పట్టుకొని మీరే పోవడం కాదు, ఫారెస్టు వాళ్ళకు చెప్పండి.

పక్కవాళ్ళ ఆవులూ మేకలూ సందులోనుంచి వచ్చి మేస్తే కడుపు మండుతుంది, నిజమే. కొట్టి కాలు విరగ్గొట్టినా, మందు పెట్టినా అప్పటిదాకా నష్టపోయిన మీరే ముద్దాయి అవుతారు. జంతువును చంపడం, కుంటిది చేయడం భారతీయ న్యాయ సంహిత 325 కింద నేరం. చేలో పడ్డ గొడ్లను పట్టి బందెలదొడ్డికి తోలే చట్టం 1871 నాటిది, ఇప్పటికీ ఉంది గానీ చాలా ఊళ్ళలో ఆ దొడ్డే లేదు. మేసిన చోటు ఫోటో తీసి, గొడ్డును యజమానికి అప్పగించి, నష్టం సంగతి మూడో మనిషి ఎదుట మాట్లాడుకోవడమే నయం. సర్వే తేలేదాకా సందు మూయాలంటే మీ పొలంలోనే, పాత హద్దుకు ఒకటిన్నర అడుగు లోపల, కంపతోనో వెదురు తడికతోనో తాత్కాలికంగా కట్టండి.

అది తాత్కాలికమని కాగితం మీద ఉండాలి. ఇరవై రూపాయల స్టాంపు పేపరు దొరికితే మంచిది, లేకపోతే తెల్లకాగితమే. "ఈ కంచె గొడ్లు రాకుండా కట్టుకున్నది మాత్రమే, ఇది హద్దు కాదు, సర్వే అయ్యాక దాని ప్రకారం మారుస్తాం" అని రాసి తేదీ వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, ఇంకో ఇద్దరి చేత సాక్షి సంతకాలు చేయించండి. ఇది ఎందుకంటే, ఒకరి భూమిలో ఇంకొకరు పన్నెండేళ్ళు అడ్డుచెప్పేవాళ్ళు లేకుండా ఉండిపోతే హక్కు నాదేనని కోర్టులో అడిగే వీలుంది. ఈ తరంలో మంచితనానికి ఒకటిన్నర అడుగు వదిలితే కొడుకుల కాలానికి అదే హద్దైపోతుంది. ఖర్చు ఎవరెంత, కూసాలు ఎవరు తెస్తారు, కూలి ఎవరిస్తారు అన్నదీ అందులోనే రాసేయండి. పక్కవాడు సంతకం పెట్టనంటే, వాట్సాప్‌లో అదే విషయం పంపి చదివినట్టు నీలం టిక్కులు వచ్చిన స్క్రీన్‌షాట్ దాచుకోండి. అసలు మాటే కలవకపోతే లాయరు కంటే ముందు 15100కు ఫోన్ చేయండి, అది ఉచిత న్యాయసేవ నంబరు.

టౌన్లో ప్రహరీల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. పిల్లర్లు లేకుండా నాలుగున్నర అంగుళాల ఇటుకతో పొడవునా కట్టిన గోడలే ఎక్కువగా పడతాయి. ఒకవైపు నేల ఎత్తుగా ఉండి వాన నీళ్ళు నిలిచాయంటే, నానిన మట్టి బరువంతా ఆ గోడ మీదే. కింద నీళ్ళు పోవడానికి పైపు ముక్కలు ఉన్నాయా, ఉంటే మట్టితో పూడిపోయాయా చూసుకోండి. గోడ కడుపు ఉబ్బినట్టు కనిపించినా, అడ్డంగా పగులు వచ్చి అందులో వేలు దూరినా, వాన పడే రోజుల్లో దాని పక్కన బండ్లు పెట్టొద్దు, పిల్లల్ని ఆడనివ్వొద్దు, గోడకు ఆనించి పేర్చిన ఇసుక, ఇటుకలు తీసేయండి. పక్కవాళ్ళ వంటిల్లు గోడకు అటువైపే ఉంటే ఆ ఇంటి అక్కకో పెద్దమ్మకో ఒక మాట చెప్పండి. అలాంటి గోడను పైనుంచి వరసవారీగా విప్పించాలి, కింద తన్ని పడగొట్టడం ఎంత హుషారైన కూలీ చేసినా ఒప్పుకోవద్దు.

కొత్త కూసాలు పాతడం, సిమెంటు పోయడం మాత్రం ఈ వానల్లో పెట్టుకోకండి. నానిన ఎర్రమట్టిలో పాతినవి ఆరాక వదులై మళ్ళీ ఒరుగుతాయి. సంక్రాంతి తర్వాత నేల గట్టిపడ్డాక రెండడుగుల గుంత తీసి కంకరతో దిమ్మిస కొట్టించండి. మూలల్లో ఉన్న కూసాలకు ఏటవాలుగా ఇంకో కూసం ఊతం పెట్టించండి, తీగ బిగి మొత్తం మోసేది ఆ మూలలే. అప్పటికి సర్వే అయిపోయి ఉండాలి. కాకపోతే అర్జీ రసీదు పట్టుకొని సచివాలయానికి ఇంకోసారి వెళ్ళండి, ఈసారి పక్కాయనను కూడా బండెక్కించుకొని.