వర్చువల్ మెషీన్‌లో మౌస్ నత్తనడక: నాకు పనిచేసిన సెట్టింగ్

ఉబుంటు మీద వర్ట్-మేనేజర్‌లో (వర్చువల్ మెషీన్లు, అంటే కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌లా నడిచేవి, నడిపే ప్రోగ్రామ్) ఫెడోరా నడుపుతుంటే మౌస్ కదిపిన కాసేపటికి గానీ బాణం గుర్తు కదిలేది కాదు. విండో లాగితే ముక్కలుముక్కలుగా కనిపించేది. ర్యామ్, కోర్లు పెంచినా, గెస్ట్‌లో (లోపల నడిచే ఫెడోరాలో) అప్‌డేట్లు చేసినా ఫలితం లేదు.

గెస్ట్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేశాను; రీబూట్ చాలదు. వర్ట్-మేనేజర్‌లో ఆ మెషీన్ సెట్టింగ్స్ తెరిచి, వీడియో మోడల్ వర్టియో (వర్చువల్ మెషీన్ల కోసం చేసిన గ్రాఫిక్స్ కార్డు రకం) పెట్టి, 3డీ యాక్సిలరేషన్ టిక్ చేశాను. తర్వాత స్పైస్ డిస్‌ప్లేలో (గెస్ట్ స్క్రీన్‌ను మనకు చూపించే భాగం) ముందు లిజన్ టైప్ 'నన్' (None), ఆపైనే ఓపెన్‌జీఎల్ (గ్రాఫిక్స్ కార్డుతో బొమ్మ గీయించే పద్ధతి) టిక్. అసలు కిటుకు ఇక్కడే: లిజన్ టైప్‌లో 'అడ్రస్' అలాగే ఉంచేస్తే, స్పైస్ జీఎల్ (స్పైస్‌లో ఓపెన్‌జీఎల్) లోకల్‌గానే, అంటే ఇదే కంప్యూటర్‌లోనే, పనిచేస్తుందంటూ ఎర్రర్ కొట్టి నాకు మెషీన్ స్టార్టే కాలేదు. ఇలా మార్చాక వేరే కంప్యూటర్ నుంచి ఈ స్క్రీన్ చూడలేం. నాకెలాగూ అక్కర్లేదు.

నాది ఇంటెల్ గ్రాఫిక్స్. ఎన్విడియా సొంత డ్రైవర్ వాడేవాళ్లకు పనిచేస్తుందని గ్యారంటీ ఇవ్వలేను. విండోస్ గెస్ట్‌కైతే ఈ 3డీ మీద ఆశ పెట్టుకోకండి.