74హెచ్‌సీ14 ష్మిట్ ట్రిగ్గర్: సప్లై మారినా, వేడెక్కినా గతి తప్పుతుంటే

ఏ సమస్య వచ్చినా ముందు ఐసీ 14వ, 7వ పిన్నుల మధ్యే మీటర్ పెట్టి సప్లై కొలవండి. అడాప్టర్ మీద రాసిన అంకెను నమ్మొద్దు. ఈ గేటుకి ఇన్‌పుట్ ఎక్కేటప్పుడు ఒకచోట, దిగేటప్పుడు అంతకన్నా కింద మరోచోట అవుట్‌పుట్ మారుతుంది; ఆ రెండు వోల్టేజీలే థ్రెషోల్డులు, అవి సప్లైతో పాటే కదులుతాయి. డేటాషీట్‌లోని సాధారణ విలువలివి:

2 వోల్టుల సప్లై దగ్గర: పైది 1.2, కిందిది 0.6
4.5 దగ్గర: పైది 2.5, కిందిది 1.6
6 దగ్గర: పైది 3.3, కిందిది 2.0

బ్యాటరీ దిగేకొద్దీ ఆర్‌సీ (రెసిస్టర్, కెపాసిటర్) ఆసిలేటర్ నెమ్మదిస్తోంది

రెండు థ్రెషోల్డుల మధ్య తేడాయే హిస్టరిసిస్. 4.5 వోల్టుల దగ్గర అది సప్లైలో 20 శాతం, 2 వోల్టుల దగ్గర 30 శాతం. అంటే కెపాసిటర్ ఎక్కి దిగాల్సిన దూరం సప్లైతో పోలిస్తే పెరిగింది. లెక్క కడితే ఒక ఆవర్తన కాలం సుమారు 0.82 ఆర్‌సీ నుంచి 1.25 ఆర్‌సీకి పోతుంది (ఆర్‌సీ అంటే రెసిస్టర్, కెపాసిటర్ విలువల లబ్ధం). 100 కిలో ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ వాడితే 122 హెర్ట్జ్ కాస్తా 80 అవుతుంది. పరిష్కారం: ఐసీకి విడిగా లో డ్రాపౌట్ రెగ్యులేటర్ (బ్యాటరీ దాని అవుట్‌పుట్ కన్నా కొంచెమే ఎక్కువున్నా వోల్టేజీని నిలకడగా ఉంచేది) పెట్టండి. ఐసీ మార్చినా ఫ్రీక్వెన్సీ మారుతుంది కాబట్టి రెసిస్టర్‌కి సిరీస్‌లో ట్రిమ్‌పాట్ (తిప్పి సర్దే చిన్న రెసిస్టర్) కూడా ఉండాలి. అంతకన్నా కచ్చితత్వం కావాలంటే దీంతో కుస్తీ పడకుండా 7555 టైమర్ ఐసీకి మారడమే మేలు.

3.3 వోల్టుల బోర్డు సిగ్నల్‌ని 5 వోల్టుల గేటు ఒక్కోసారి పట్టించుకోవడం లేదు

ఐసీ పాడవలేదు. పై థ్రెషోల్డ్ గరిష్ఠంగా సప్లైలో 70 శాతం దాకా ఉండొచ్చు, అంటే 3.5 వోల్టులు. ఒక ఐసీతో పనిచేసి, మరోదానితో మొరాయించేది అందుకే. 74హెచ్‌సీటీ14 పెట్టండి, దాని పై థ్రెషోల్డ్ 4.5 వోల్టుల సప్లై దగ్గర 1.9 దాటదు.

సప్లై తగ్గించాక అవుట్‌పుట్ గిలగిలలాడుతోంది

2 వోల్టుల దగ్గర హామీ ఉన్న కనిష్ఠ హిస్టరిసిస్ 0.2 వోల్టులే. డిజైన్‌కి ఆ అంకెనే తీసుకోండి, సాధారణ విలువను కాదు. సప్లై పిన్నులకు ఆనుకుని 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ ఉండాలి, వాడని ఇన్‌పుట్‌లు గ్రౌండ్‌కి కలపాలి.

వేడెక్కితే టైమింగ్ జరుగుతోంది

అందరూ గేటునే అనుమానిస్తారు. లోపలి రెండు రకాల ట్రాన్సిస్టర్ల థ్రెషోల్డ్ వోల్టేజీలూ డిగ్రీకి ఒకటి రెండు మిల్లీవోల్టులు తగ్గినా, వాటి ప్రభావాలు ఎదురెదురుగా ఉండి చాలావరకు చెల్లిపోతాయి. అసలు దోషి చాలాసార్లు వేడికి విలువ బాగా మారే వై5వీ రకం కెపాసిటర్. దాని బదులు నిలకడైన ఎక్స్7ఆర్ రకం వేయండి, చిన్న విలువైతే ఇంకా నిలకడైన సీ0జీ. రెండో అనుమానం లీకేజీ: 25 డిగ్రీల దగ్గర గరిష్ఠంగా 0.1 మైక్రోఆంపియర్ ఉండే ఇన్‌పుట్ కరెంట్, వేడిలో 1 మైక్రోఆంపియర్ దాకా పోవచ్చు. 1 మెగా ఓమ్ మీద అది 1 వోల్ట్, 4.5 వోల్టుల దగ్గరి మొత్తం హిస్టరిసిస్ కన్నా ఎక్కువ! రెసిస్టర్‌ని 100 కిలో ఓమ్‌లకు దించి, కెపాసిటర్‌ని పదింతలు చేయండి. ఏది కారణమో తేలకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనను తగలకుండా ముందు కెపాసిటర్ దగ్గర, కెపాసిటర్ చల్లారాక ఐసీ దగ్గర పట్టి, ఫ్రీక్వెన్సీ ఎప్పుడు కదులుతుందో చూడండి.