డునాలియెల్లాను నారింజ రంగుకు తిప్పాలంటే

డునాలియెల్లా ఉప్పునీళ్లలో పెరిగే మైక్రోఆల్గే, అంటే ఒకే కణం ఉండే సూక్ష్మమైన నాచు. నైట్రోజన్ తగ్గించి వెలుగు పెంచితే దానిలో బీటా కెరోటిన్ అనే నారింజ రంగు పదార్థం పేరుకుంటుంది. ఇలాంటి ప్రాజెక్టు అనగానే చాలామంది మొదటి రోజే నైట్రోజన్ తీసేసి సీసాని ఎండలో పెట్టేస్తారు. రంగైతే వస్తుంది కానీ సీసాలో కణాలే ఉండవు, ఎందుకంటే స్ట్రెస్ మొదలవగానే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. ముందు బాగా మేపాలి, తర్వాతే కడుపు మాడ్చాలి.

స్ట్రెయిన్ (ఏ రకం అన్నది) దగ్గర జాగ్రత్త. కావాల్సింది డునాలియెల్లా సలీనా. డునాలియెల్లాలోనే టెర్టియోలెక్టా అనే ఇంకో జాతిని ఎంత ఏడిపించినా బీటా కెరోటిన్ పేరుకోదు.

మొదటి దశ సులువే: ఎఫ్/2 మీడియంలో (సముద్రపు నాచుల్ని పెంచడానికి వాడే పోషకాల ద్రావణం) లీటరుకు 100 గ్రాముల ఉప్పు (అయోడిన్ కలపనిది), కొంచెం సోడియం బైకార్బొనేట్, 25 డిగ్రీల వేడి, మామూలు ఎల్ఈడీ వెలుగు. ఎఫ్/2లో సోడియం నైట్రేట్ లీటరుకు 75 మిల్లీగ్రాములే ఉంటుంది, కల్చర్ (కణాలు పెరుగుతున్న ద్రావణం) చిక్కబడేసరికి చాలావరకు దానంతటదే అయిపోతుంది. అక్వేరియం షాపుల్లో దొరికే నైట్రేట్ స్ట్రిప్‌తో చూసుకోండి.

మిల్లీలీటరుకు పది లక్షల కణాలు దాటాక అసలు పని. నైట్రేట్ ఒక్కటి మానేసి, మిగతావన్నీ వేసి, లీటరుకు 250 గ్రాముల ఉప్పుతో ఇంకో మీడియం చేయండి. ఒక వంతు కల్చర్‌కి ఇది రెండు వంతులు, ఒకేసారి గుమ్మరించకుండా ఒకటి రెండు రోజుల్లో నాలుగైదు విడతలుగా కలపండి. పెరిగిన ఉప్పుకు తట్టుకోవడానికి కణం లోపల గ్లిసరాల్ తయారుచేసుకోవాలి, ఆ టైమ్ ఇవ్వాలి. ఇలా పలచన చేయడంలో ఇంకో లాభం, చిక్కటి కల్చర్‌లో కణాలు ఒకదానికొకటి నీడ అయిపోయి ఎంత లైటు పెట్టినా రంగు తిరగదు. ఇప్పుడు లైటు పెంచండి. ఎండలో పెడితే మాత్రం సీసా నీళ్ల తొట్టిలో ఉండాలి, మన ఎండలకి లోపల కాగిపోతుంది.

ఎందుకు తిరుగుతుందంటే, ప్రొటీన్‌కీ క్లోరోఫిల్‌కీ నైట్రోజన్ కావాలి, బీటా కెరోటిన్‌కీ నూనెకీ అక్కర్లేదు. కిరణజన్య సంయోగక్రియ పట్టిన కార్బన్ అటు మళ్లుతుంది. కెరోటిన్ నూనె బొట్ల లోపలే చేరుతుంది కాబట్టి రెండూ కలిసే పెరుగుతాయి. మంచి స్ట్రెయిన్ అయితే పొడి బరువులో 10 శాతం దాకా కెరోటినే.

కేవలం నూనె కావాలంటే నానోక్లోరోప్సిస్ అనే ఇంకో మైక్రోఆల్గే మేలు. 2009లో ఇటలీ వాళ్లు ప్రచురించిన ప్రయోగంలో నైట్రోజన్ ఆపితే దాని లిపిడ్ (నూనె, కొవ్వు) 32 నుంచి 60 శాతం పైకి వెళ్లింది, రోజుకి వచ్చే బయోమాస్ (కణాల మొత్తం బరువు) మాత్రం లీటరుకు 0.36 నుంచి 0.30 గ్రాములకే తగ్గింది. అందరికీ ఇంత బాగా కుదరదు, అందుకే శాతం కాకుండా లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో రాసుకోండి. కెరోటిన్, క్లోరోఫిల్ నిష్పత్తిని నమ్మొద్దు, క్లోరోఫిల్ కరిగిపోయినా అది పెరిగినట్టే కనిపిస్తుంది. పోల్చి చూసుకోవడానికి నైట్రేట్ ఉన్న సీసా ఒకటి పక్కన ఉండాల్సిందే.

వడకట్టాక మంచినీళ్లతో కడగకండి, ఈ కణాలకి గోడ లేదు, పగిలిపోతాయి. అదే గాఢత ఉప్పునీళ్లతో కడిగి, చీకట్లో ఆరబెట్టండి.