‘ఎడ్వర్డ్ సిజర్‌హ్యాండ్స్’ వంటి సినిమాలను ఎలా చూడాలి

శివారు కాలనీలోకి వచ్చిపడిన ఒక వింత రూపపు సాధుజీవి కథను హారర్ సినిమాలా చూస్తే అందులో సగం మనకు అందదు. ఈ కోవలో టిమ్ బర్టన్ 1990లో తీసిన ‘ఎడ్వర్డ్ సిజర్‌హ్యాండ్స్’తో మొదలుపెట్టడం మంచిది. తనను తయారుచేసిన వృద్ధుడు చేతులు అమర్చకముందే కన్నుమూయడంతో, వేళ్లకు బదులు కత్తెరలతోనే మిగిలిపోయిన యువకుడి కథ ఇది.

మొదటిసారి కథ కోసం చూడండి. రెండోసారి మాత్రం ఎడ్వర్డ్‌ను వదిలి ఇరుగుపొరుగును గమనించండి, ఎందుకంటే నా దృష్టిలో ఈ సినిమాలోని అసలు భయం వాళ్ల దగ్గరే ఉంది. ఎడ్వర్డ్ ఉండే కొండమీది కోట బయటికి నల్లగా, పాడుబడినట్టు ఉన్నా, గేటు దాటి వెళ్లి అతన్ని తన ఇంటికి తీసుకొచ్చే కాలనీ గృహిణి పెగ్‌కు ఎదురయ్యేది ఎంతో శ్రద్ధగా కత్తిరించిన పచ్చని తోట. ఫ్లోరిడాలోని నిజమైన ఇళ్లకే లేత రంగులు వేసి చూపించిన కాలనీలోనేమో ఒకరింటి సంగతి క్షణాల్లో ఫోన్ల మీద వీధంతా పాకిపోతుంది.

వాళ్ల ఆదరణ ఎలా పెరుగుతుందో వరుసగా చూడండి: ముందు పొదలు, తర్వాత కుక్కల బొచ్చు, ఆపైన ఆడవాళ్ల జుట్టు. ప్రతి మెట్టులోనూ అతని పనితనానికి మురిసిపోయేవారే తప్ప అతనికేం కావాలో అడిగేవారు అరుదు.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ కత్తెరలు ఎవరికైనా తగిలినప్పుడల్లా సినిమా ఆపి, కాస్త వెనక్కి వెళ్లి మళ్లీ చూడండి. మంచుగడ్డను శిల్పంగా చెక్కుతున్నప్పుడు పెగ్ కూతురు కిమ్ చెయ్యి తెగేది ఆమె ప్రియుడు జిమ్ హఠాత్తుగా పిలవడంతో ఎడ్వర్డ్ ఉలిక్కిపడినందువల్ల. కిమ్ తమ్ముడు కెవిన్ ముఖం మీద గాట్లు పడేది వ్యాను కింద పడకుండా ఎడ్వర్డ్ అతన్ని పక్కకు నెట్టి కాపాడిన తర్వాత. గుమిగూడిన జనానికి కారణం పట్టదు, నెత్తురు మాత్రమే కనిపిస్తుంది. ఇది చెప్పడానికి సంభాషణ అవసరం లేకపోయింది. ఎడ్వర్డ్‌గా నటించిన జానీ డెప్ కళ్లూ డానీ ఎల్ఫ్‌మన్ సంగీతమూ చాలు.

తర్వాత 1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టీన్’లో శాస్త్రవేత్త సృష్టించిన జీవిని కాగడాలతో తరిమే గుంపును చూస్తే, చివర్లో ఎడ్వర్డ్‌ను తరిమే గుంపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఆ వెంటనే బర్టన్ 2012లో తీసిన ‘ఫ్రాంకెన్‌వీనీ’ చూడండి. అక్కడా జనం చనిపోయి తిరిగి బతికిన ఒక కుక్కను గాలిమర దాకా తరుముతారు, కానీ చివరికి తమ కార్ల బ్యాటరీలతో దానికి మళ్లీ ప్రాణం పోసేదీ వాళ్లే. ఎడ్వర్డ్‌ను తరిమిన కాలనీలో ఆ మార్పుకు ఎక్కడెక్కడ అవకాశం ఉండి తప్పిపోయిందో వెతకడానికి మూడోసారి చూడవచ్చు.