డ్రైవ్ క్లిక్‌మంటే షేరు అమ్మాలా, ఉంచుకోవాలా: ఫిర్యాదులను తూచే పద్ధతి

అమెరికాలోని యూటా రాష్ట్రం, రాయ్ పట్టణానికి చెందిన అయోమెగా కంపెనీ 1995లో జిప్ డ్రైవ్ తెచ్చింది. కంప్యూటర్ సమాచారాన్ని తీసి పెట్టుకునే డిస్కుల్లో దాచే పరికరం అది. ఫ్లాపీలో 1.44 ఎంబీ పట్టే ఆ రోజుల్లో చేతిలో ఇమిడే ఒక్క జిప్ డిస్కులో 100 ఎంబీ పట్టేది. డ్రైవ్ సుమారు 200 డాలర్లు, డిస్కు సుమారు 20. కంపెనీ రాబడి 1995లో 33 కోట్ల డాలర్లకు కాస్త తక్కువ. 1996లో అది 120 కోట్లకు చేరింది, 1997లో 170 కోట్లు దాటింది. 1998 వచ్చేసరికి ‘క్లిక్ ఆఫ్ డెత్’ అన్న పేరు అందరి నోళ్లలో నానింది. డ్రైవ్ టక్ టక్‌మంటూ డిస్కును చదవలేకపోవడం, ఒక్కోసారి డిస్కే పాడైపోవడం దాని లక్షణాలు. వాటాదార్లు రెండు జట్లయ్యారు. అమ్మిన లక్షల్లో ఇదెంత అన్నది ఒక జట్టు. ఇన్ని గొంతులు లేస్తుంటే కంపెనీ మునిగినట్టే అన్నది రెండో జట్టు. ఇద్దరూ లెక్క వేయాల్సిన చోట వేయలేదు. డిస్కును తీసి పెట్టుకునే డ్రైవ్ ఏదైనా సరే, దాని మీద ఫిర్యాదులు వచ్చినప్పుడు ఆ లెక్క ఎలా వేయాలో చూద్దాం.

ముందు, శబ్దం ఎక్కడిదో తెలుసుకోండి

జిప్ డ్రైవ్‌లో సన్నని చేతుల చివర, డిస్కును చదివే, రాసే రెండు తలలుంటాయి. డిస్కు తిరగడం మొదలయ్యాక అవి బయటికొచ్చి, ఫ్యాక్టరీలోనే రాసిన దారి గుర్తులను వెతుకుతాయి. గుర్తులు దొరక్కపోతే వెనక్కి వెళ్లి మళ్లీ వస్తాయి. అలా వెనక్కి వెళ్లేటప్పుడు వచ్చేదే క్లిక్. అంటే క్లిక్ జబ్బు కాదు, జ్వరం లాంటి లక్షణం. ఒకటి రెండు సార్లు క్లిక్‌మని ఆగిపోతే మామూలే. ఆగకుండా కొడుతుంటే కారణం మూడింటిలో ఒకటి కావచ్చు: డిస్కు మీది గుర్తులు చెరిగిపోయి ఉండాలి, తల వంగి లేదా ఊడి ఉండాలి, లేదా డిస్కు అంచు చిరిగి ఉండాలి. గుర్తులు చెరిగిన డిస్కును ఇంట్లో ఫార్మాట్ చేసి బాగు చేయడం కుదరదు. బలమైన అయస్కాంతం దగ్గర పెట్టిన డిస్కు గతి కూడా అంతే.

మదుపరి గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది మూడో కారణం. పాడైన తల డిస్కు అంచును చింపుతుంది. ఆ డిస్కును పక్కవాడి మంచి డ్రైవ్‌లో పెడితే చిరిగిన అంచు ఆ తలను కూడా లాగేస్తుంది. జనం సరిగ్గా అదే చేస్తారు, ‘డిస్కు పోయిందా, డ్రైవ్ పోయిందా’ చూద్దామని ఇంకో డ్రైవ్‌లో పెడతారు. ఇలా అంటుకునే లోపానికి ‘ఇంత శాతం’ అనే స్థిరమైన లెక్క నిలవదు. డ్రైవ్‌లు ఎక్కువగా ఉన్న ఆఫీసుల్లో, ప్రింటింగ్ ప్రెస్సుల్లో ఒకేసారి గుంపుగా పాడవుతాయి. కాబట్టి ఫిర్యాదులు చదివేటప్పుడు ఒక్కో డ్రైవ్ ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవాటిని, పది డ్రైవ్‌ల మధ్య డిస్కులు తిరిగే చోట్ల నుంచి వచ్చినవాటిని వేరు చేయండి. రెండో రకమే ఎక్కువగా ఉంటే లోపం అంటుకుంటోందని అర్థం.

వయసు లెక్క

అసలు పని ఇక్కడుంది. కాగితం తీసుకుని ఊహా అంకెలతో ఈ లెక్క వేయండి. కంపెనీ మొదటి ఏడు 5 లక్షల డ్రైవ్‌లు, రెండో ఏడు 25 లక్షలు, మూడో ఏడు 50 లక్షలు అమ్మిందనుకుందాం. లోపం అంటుకోవడాన్ని కాసేపు పక్కన పెడదాం. కొన్న మొదటి ఏడాదిలో పాడయ్యేవి 0.3 శాతం, ఆ తర్వాత ఏటా 4 శాతం. వారంటీ ఒక్క ఏడాదే.

మొదటి ఏడు పాడయ్యేవి 1,500. రెండో ఏడు కొత్తవాటిలో 7,500, పాతవాటిలో 20,000, మొత్తం 27,500. మూడో ఏడు కొత్తవాటిలో 15,000, రెండో ఏట అడుగుపెట్టిన 25 లక్షల్లో లక్ష, మూడో ఏట ఉన్న 5 లక్షల్లో 20,000, మొత్తం 1,35,000. మూడేళ్లకూ కలిపి 1,64,000. అమ్మిన 80 లక్షల్లో ఇది సుమారు 2 శాతం.

ఇప్పుడు వారంటీలో కంపెనీకి తిరిగొచ్చినవి చూడండి: 1,500, 7,500, 15,000 కలిపి 24,000. అంటే 0.3 శాతం. కంపెనీ ‘అర శాతం కూడా లేదు’ అంటే అబద్ధం కాదు, తన కౌంటర్‌కు వచ్చినవాటినే లెక్కపెడుతోంది. అదే సమయంలో మొదటి ఏడు కొన్నవాళ్లను అడగండి. వాళ్ల 5 లక్షల్లో 41,500 పాడయ్యాయి, అంటే 8.3 శాతం. వాళ్ల కోపమూ అబద్ధం కాదు. 0.3, 2, 8.3 మూడూ ఒకే డ్రైవ్ గురించి చెప్పే నిజాలే.

నాలుగో ఏడు అమ్మకాలు 40 లక్షలకు తగ్గాయనుకోండి. కొత్తవాటిలో 12,000, రెండో ఏట ఉన్న 50 లక్షల్లో 2 లక్షలు, పాత 30 లక్షల్లో 1,20,000. ఒక్క ఏడాదిలో 3,32,000 డ్రైవ్‌లు పోయాయి. ఫ్యాక్టరీలో నాణ్యత రవ్వంత కూడా తగ్గలేదు, ఫిర్యాదులు మాత్రం రెండున్నర రెట్లయ్యాయి. కాబట్టి ఫిర్యాదులు పెరిగాయని నాణ్యత పడిపోయిందనుకోకండి. అమ్మకాలు పరుగెడుతున్నప్పుడు ఫిర్యాదులు తక్కువగా ఉన్నాయని సంతోషించకండి కూడా, ఆ ఏడాది బయట ఉన్న డ్రైవ్‌లలో ఎక్కువ భాగం పసిబిడ్డలే.

మీ చేతిలోని ఫిర్యాదులను ఇలా విడదీయాలంటే ప్రతి ఫిర్యాదు పక్కన కొన్న నెల, పాడైన నెల రాయండి. ఆ రెండూ లేని ఫిర్యాదును లెక్కలోంచి తీసేయండి, ఎంత ఆవేశంగా రాసినా సరే. యాభై అరవై పోగయ్యాక చాలావరకు కొన్న మొదటి మూడు నెలల్లోనే పోయాయని తేలితే తయారీలో లోపం ఉండొచ్చు. పన్నెండో నెల దాటాక ఎక్కువ పోతుంటే అది అరుగుదల. ఒకే నెలలో తయారైనవే వరసగా పోతుంటే ఒక బ్యాచ్ చెడింది. మూడింటిలో షేరుకు ఎక్కువ ప్రమాదం అరుగుదలే. చెడిన బ్యాచ్‌ను మార్చేయొచ్చు, అరుగుదల మాత్రం అమ్మిన ప్రతి డ్రైవ్‌లోనూ ఉంటుంది.

ఖాతాల్లో ఎక్కడ చూడాలి

వారంటీ ఖర్చు అమ్మిన సరుకు ఖర్చులో కలుస్తుంది, అంటే ముందు దెబ్బ స్థూల లాభం మీద, అంటే రాబడిలోంచి ఆ ఖర్చు తీసేస్తే మిగిలేదాని మీద పడుతుంది. అయితే డ్రైవ్ ధర తగ్గించినా స్థూల లాభం తగ్గుతుంది. ఏది కారణమో తేల్చడానికి వారంటీ కోసం పక్కన పెట్టిన మొత్తాన్ని ఆ త్రైమాసికం అమ్మకాలతో భాగించండి. వరసగా నాలుగు త్రైమాసికాలకు ఇలా చేయండి. ఆ నిష్పత్తి పెరుగుతుంటే వారంటీ ఖర్చు వైపు చూడాలి. అమెరికా కంపెనీలు ఆ ఖాతా మొదట్లో ఎంత, ఏడాదిలో కలిపింది ఎంత, వాడింది ఎంత అని విడివిడిగా చూపడం 2002 చివర్లో వచ్చిన అకౌంటింగ్ నియమంతో తప్పనిసరైంది. మన దేశంలో ఇండ్ ఏఎస్ 37 అనే అకౌంటింగ్ ప్రమాణం కింద వార్షిక నివేదికలో ‘ప్రొవిజన్లు’ అనే నోట్ చూడండి. వాడింది కలిపినదాన్ని మించి పోతుంటే కంపెనీ రేపటి ఖర్చును ఇవాళ్టి లాభంగా చూపిస్తోందన్నమాట. దుకాణాల నుంచి తిరిగొచ్చిన సరుకు వారంటీ ఖాతాలో ఉండదు, రాబడిలోంచే తీసేస్తారు. అది వేరే నోట్‌లో ఉంటుంది, అక్కడా చూడండి.

ఇంకా ముఖ్యమైనది డిస్కులు. ఈ వ్యాపారంలో డ్రైవ్ మీద మిగిలేది తక్కువ, లాభం డిస్కుల మీదే. నమ్మకం పోయినవాడు కోర్టుకెళ్లడు, ఫిర్యాదూ రాయడు. తర్వాతి డిస్కు కొనడం మానేస్తాడంతే. కాబట్టి జనం దగ్గరున్న డ్రైవ్ ఒక్కోదానికి ఏడాదికి ఎన్ని డిస్కులు అమ్ముడవుతున్నాయో లెక్కవేయండి. పాత డ్రైవ్‌లు మూలన పడ్డ కొద్దీ ఇది మెల్లగా తగ్గడం సహజమే. వరసగా రెండు త్రైమాసికాలు ఒక్కసారిగా పడితే మాత్రం వాటా తగ్గించుకోండి, వారంటీ ఖాతా ఎంత శుభ్రంగా ఉన్నా సరే.

కోర్టు వార్తకు ఎక్కువ విలువ ఇవ్వొద్దు. 1998 సెప్టెంబరులో అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో వినియోగదారులందరి తరఫున అయోమెగా మీద దావా పడింది. వారంటీ పరిమితుల కాగితం పెట్టె లోపల ఉన్నా చెల్లుతుందని మరుసటి ఏడాది అక్కడి కోర్టు చెప్పింది. చివరికి రాజీలో వినియోగదారులకు దక్కింది తర్వాతి కొనుగోళ్ల మీద రాయితీ. కంపెనీ ఖజానాకు అది పెద్ద గండి కాదు. 1998లో నష్టం చూపించిన కంపెనీని ఆ తర్వాత నిలవనివ్వనిది 650 ఎంబీ పట్టే చౌక సీడీలు, ఆపైన యూఎస్‌బీ పెన్‌డ్రైవ్‌లు. 2008లో డేటా నిల్వ పరికరాల కంపెనీ ఈఎంసీ దాన్ని సుమారు 21 కోట్ల డాలర్లకు కొనేసింది.

అందుకే మీ కాగితంలో ఆఖరి గడి పోటీ సరుకుకు కేటాయించండి. ఒక్కో ఎంబీకి దాని ధర ఎంత, అదే పనికి ఎన్ని కంప్యూటర్లలో ముందే అమర్చి వస్తోంది అన్నవి మూడు నెలలకోసారి రాయండి. వేరే దారి లేని వాడకందారు క్లిక్‌ను తిట్టుకుంటూనే ఇంకో జిప్ డిస్కు కొంటాడు. దారి దొరికిన రోజున అదే క్లిక్ అతన్ని బయటికి పంపిస్తుంది.